పొట్టేళ్లకు ఆటో

పోయిన నెల సెలవు మీద వచ్చినప్పుడు తమ్ముడితో పుంగనూరు సంతకు పోయాను. రెండు పొట్టేళ్లు అమ్మాలి. కొన్నాయన వాటి నాలుగు కాళ్లూ కలిపి తాడుతో బిగించి, బండి వెనక మూటల్లాగా అడ్డంగా వేశాడు. వాటిలో ఒకటి జొడిపి, తెల్ల ఒంటికి మొహాన నల్ల మచ్చలుండే జాతి. ఆ జొడిపి పొట్టేలు తల కిందికి వేలాడుతోంది. చెవి సైలెన్సర్‌కు జానెడు దూరంలో ఊగుతోంది. నేను పోయి తాడు వదులు చేయబోతే, "కువైట్ పోయి మెత్తబడిపోయినావు అన్నా" అన్నాడు తమ్ముడు.

నేను తొమ్మిదేళ్లుగా అక్కడ సాకుతున్నది కోతకు పోయే జీవాల్నే. మెత్తబడితే ఆ పని చేయలేను.

చేరిన మొదటి వారం ఒక గొర్రెను ఉన్ని పట్టి లాగాను. సూడాన్ పెద్దాయన ఒకరు చూసి ఏమీ అనలేదు. మర్నాడు కోతగదికి పిలిచి, తోలు వలిచిన ఒంటి మీద వేలు పెట్టి చూపించాడు. నా చెయ్యి పడిన చోట రక్తం గడ్డకట్టి నల్లగా కమిలిపోయి ఉంది. అంత ముక్కా కోసి పారేశారు. అప్పటి నుంచి ఉన్ని మీద చెయ్యి వేయలేదు.

ఆయన జీవం ఎదుట కత్తి నూరడు. ముందు నీళ్లు పెడతాడు. ఒకదాని కళ్ల ముందు ఇంకోదాన్ని కోయడు. అది వాళ్ల మతం చెప్పిన పద్ధతి. తోలడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దారిలో నీళ్లు మెరిసినా, అడ్డంగా నీడ పడినా ముందున్న గొర్రె ఆగిపోతుంది, దాని వెనక మందంతా ఆగుతుంది. అప్పుడు కట్టె ఎత్తితే లాభం లేదు, ఆ నీళ్లు తుడిచేస్తే వాటంతట అవే నడుస్తాయి. చాలాసేపు బెదిరి అలిసిపోయిన జీవం మాంసం నల్లబడుతుంది, త్వరగా చెడిపోతుంది.

ఆస్ట్రేలియా ఓడలు వచ్చిన రోజులే కష్టం. వారాల తరబడి సముద్రం మీద వచ్చిన గొర్రెలు, ఉన్నికి పేడ అట్టలు కట్టి, నోరు తెరిచి ఒగరుస్తూ దిగేవి. 2017లో ఆవాసీ ఎక్స్‌ప్రెస్ అనే ఓడలో ఎండ ఉక్కకు దాదాపు 2,400 గొర్రెలు చచ్చిపోయాయి. 2028 మే 1 నుంచి బతికున్న గొర్రెల్ని ఓడల్లో పంపకూడదని ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసింది. పని పోతుందేమోనని షెడ్డులో అందరికీ టెన్షన్, నాకు కూడా. అయినా ఆ చట్టం తప్పని నా నోటితో అనలేను. ఆ గొర్రెల్ని దించుకున్న చేతులు నావి.

మనకూ చట్టం లేకపోలేదు. 2001 నాటి కబేళా నియమాల ప్రకారం ఒక జీవం చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదు. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. ఆదివారం పొద్దున మా రోడ్డు పక్కన చూస్తే, గుంజకు కట్టిన మేక ఎదురుగానే దాని జతది వేలాడుతుంటుంది. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. అక్కడి డాక్టర్లు నెలకొక్క రోజు సంతకొచ్చి మా కోత కొట్ల వాళ్లకు ఈ నాలుగు మాటలు చెబితే ఎంత బాగుంటుందో! నాకు చెప్పింది చదువు రాని ఒక ముసలాయన. నేను విన్నాను కదా.

ఆ రోజు సంతలో కొన్నాయనతో వాదన పెట్టుకోలేదు. ఆటో మాట్లాడి బాడుగ నేనే ఇచ్చాను. తాళ్లు విప్పి, అడుగున గడ్డి పరిచి, రెండింటినీ నిలబెట్టాం. జొడిపి పొట్టేలు కాసేపు కాళ్లు వణుకుతూ నిలబడింది. తర్వాత తల వంచి గడ్డి అందుకుంది.