అక్క కిడ్నీ, నా టి కణాలు

నాలో పనిచేస్తున్నది మా అక్క కిడ్నీ. పరాయి వాటి మీద దాడి చేసే తెల్లరక్తకణాలైన నా టి కణాలకు మాత్రం అది ఇప్పటికీ పరాయిదే. అందుకే వాటిని అణచి ఉంచే టాక్రోలిమస్ మందు పొద్దున, రాత్రి వేసుకుంటాను. రక్తంలో మందు తగ్గితే ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టే రిజెక్షన్ భయం, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతికొచ్చేదాకా టెన్షనే.

మందుల్లేకుండానే ఒళ్ళు కొత్త అవయవాన్ని ఒప్పుకోవడాన్ని టాలరెన్స్ అంటారు. అది వట్టి కల కాదు. 1945లో రే ఓవెన్ అనే శాస్త్రవేత్త కవల దూడలను పరీక్షిస్తే, ఒకదాని రక్తకణాలు ఇంకొకదానిలో ఏ గొడవా లేకుండా బతుకుతున్నాయి. కడుపులో ఉన్నప్పుడే వాటి రక్తనాళాలు కలిసిపోయాయి మరి! 1953లో మెడవార్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకా పుట్టని ఎలుక పిల్లలకు వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించింది. వాటిలో కొన్ని పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని అతికిస్తే నిలుపుకున్నాయి.

మనుషుల్లో కిడ్నీతో పాటు దాత ఎముక మజ్జ కణాలనూ ఎక్కించి చూశారు. కొందరు మందులు పూర్తిగా మానగలిగారు. అయితే దానికి ముందు చేసే చికిత్స కఠినమైనది, దాత కణాలే ఒంటి మీద తిరగబడే ప్రమాదమూ ఉంది. నా ఆశంతా రెగ్యులేటరీ టి కణాల మీదే. మిగతా కణాలను అదుపు చేసే వీటిని జపాన్ శాస్త్రవేత్త సకగుచి 1995లో గుర్తించారు, 2025లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు ఆపకండి. నేనూ ఒక్క పూట మానను.