మైసూరు నుంచి అనంతపురానికి పాత జావాపై

పాత మోటారుసైకిలు కొన్నవారు సాధారణంగా దాన్ని లారీకెక్కించి ఇంటికి తెప్పించుకుంటారు. నేను మాత్రం 1969 నాటి జావా 250ని మైసూరు నుంచి అనంతపురం దాకా నడుపుకుంటూనే తీసుకురావాలని, బేరం కుదరకముందే నిశ్చయించుకున్నాను. యాభై ఏళ్లు దాటిన యంత్రం స్వభావం వీధిలో రెండు చక్కర్లు కొడితే బయటపడదు. ఎండలో గంటసేపు నడిచాక ఎలా ఉంటుంది, మిట్ట ఎక్కేటప్పుడు ఏ గేరు కోరుతుంది, ఆపిన పది నిమిషాలకు మళ్లీ కిక్ కొడితే లేస్తుందా లేదా అన్న సంగతులు దారిలోనే తెలుస్తాయి.

ఈ బండి పుట్టిన ఊరు కూడా మైసూరే. చెకోస్లొవేకియాకు చెందిన జావా సంస్థ సహకారంతో రుస్తం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ 1960లో అక్కడ ఐడియల్ జావా కంపెనీని నెలకొల్పారు. మరుసటి ఏడాది నుంచి యాదవగిరిలోని కర్మాగారంలో బళ్లు తయారయ్యాయి. 1973 నుంచి వాటికి యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. నాకు బండి అమ్మిన పెద్దాయన ఒకప్పుడు అక్కడే పనిచేసినవారు. ఆయన బండిని తుడిచి మెరిపించి నా ముందు నిలబెట్టలేదు. ఇంజను పూర్తిగా చల్లబడి ఉందో లేదో నన్నే సిలిండరు రెక్కలమీద చెయ్యి పెట్టి చూడమన్నారు. అమ్మేవారు ముందుగానే ఇంజను వేడిచేసి ఉంచితే చల్లటి బండి ఎంత మొరాయిస్తుందో కొనేవారికి తెలియదు కనుక, ఆ ఒక్క మాటతోనే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

రంగు, నికెలు పూత ఎప్పుడైనా చేయించుకోవచ్చు గనుక వాటి జోలికి పోకుండా, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో మొదట చూశాను. తర్వాత పొగను గమనించాను. టూ స్ట్రోక్ ఇంజనులో, పిస్టను తిప్పే క్రాంకు ఇరుసు పక్కన ఆయిలును, గాలిని అడ్డుకునే సీళ్లు అరిగితే గేర్‌బాక్సులోని ఆయిలు క్రాంకు గదిలోకి చేరి, ఎంతసేపటికీ తగ్గని చిక్కటి తెల్లపొగ వస్తుంది. బయటి గాలి లోపలికి చొరబడే వైపు సీలు పోతే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి ఇంజను విపరీతంగా వేడెక్కుతుంది. ఈ బండి పొగ మొదట్లో కొంచెం చిక్కగా ఉన్నా కాసేపటికి పలచబడింది. సీళ్లు కొత్తవి కావని, ఈ ప్రయాణానికి మాత్రం తట్టుకుంటాయని పెద్దాయన దాపరికం లేకుండా చెప్పారు.

కాగితాల విషయంలో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుల వంటి అవసరాలకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. నడపడానికే కొన్న బండికి ఆ హోదా ఎందుకని, మామూలు రిజిస్ట్రేషనునే కొనసాగిస్తూ ఫారం 28తో నిరభ్యంతర పత్రానికి, 29, 30 ఫారాలతో యాజమాన్య మార్పిడికి దరఖాస్తులు సిద్ధం చేసుకున్నాను.

బయలుదేరేముందు పెద్దాయన నాచేతనే బండి స్టార్టు చేయించారు. పెట్రోలు కాక్ తిప్పి, జికోవ్ కార్బురేటర్ మీదున్న టిక్లర్ అనే చిన్న బొత్తాన్ని పెట్రోలు చెమర్చేదాకా నొక్కాలి. ఎడమవైపున్న గేరు లీవరునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డవుతుంది. ఒకే లీవరుతో రెండు పనులు చేయించిన ఆ రూపకల్పనను చూసి, ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని మించిన పొందిక నాకు మరెక్కడా కనబడలేదనే అనిపించింది. గేరు మార్చేటప్పుడు ఆ లీవరు కదలికే క్లచ్చును కూడా విడిపిస్తుంది కాబట్టి, చేతి క్లచ్చు పట్టకుండానే గేరు వేయవచ్చు. కానీ ఆ పనిని మెల్లగా, కాలి మడమకు తెలిసేలా చేయాలి. తొందరపెడితే బండి కుదుపుతో బదులిస్తుంది.

2023 ఆగస్టు నుంచి బెంగళూరు–మైసూరు రహదారిలోని ప్రధాన వరుసల్లోకి ద్విచక్ర వాహనాలను అనుమతించడం లేదు. అది నాకు లోటనిపించలేదు. శ్రీరంగపట్నం, పాండవపుర, మేలుకోటె, నాగమంగళ, కుణిగల్, తుమకూరు, మధుగిరి, పావగడ, కళ్యాణదుర్గం మీదుగా చిన్న రోడ్ల దారిని ఎంచుకున్నాను. 248.5 సీసీల ఒంటి సిలిండరుకు గంటకు 50, 55 కిలోమీటర్ల వేగం హాయిగా ఉంటుంది. ఆ వేగంలో రెండు సైలెన్సర్ల నుంచి వచ్చే లయ తప్పని శబ్దాన్ని వింటూ వరిమళ్ల మధ్యనుంచి, చెరకుతోటల మధ్యనుంచి పోతుంటే, ఎవరో వెనకనుంచి హారను కొట్టినా తొందరపడాలని అనిపించదు.

మేలుకోటె కొండ ఎక్కడం కన్నా దిగడమే ఈ బండికి పరీక్ష. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో కలిపిన ఆయిలే కందెన. నేను లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతాను. పల్లంలో యాక్సిలరేటరు పూర్తిగా మూసేసి ఇంజను బిగువు మీదే దిగితే చక్రాలు ఇంజనును వేగంగా తిప్పుతాయి గానీ, పెట్రోలు అందనందువల్ల దానితో రావలసిన ఆయిలూ పిస్టనుకు అందదు. అలా చాలాసేపు దిగితే పిస్టను పట్టేసే ప్రమాదముంది. కాబట్టి డ్రమ్ము బ్రేకులను విడతలు విడతలుగా వాడుతూ, ప్రతి మలుపు తర్వాతా క్లచ్చు పట్టి ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పి వదులుతూ దిగాను. ఫోర్ స్ట్రోక్ బళ్లకు అలవాటుపడిన చేతికి ఇది మొదట వింతగా తోచినా, కొండ దిగేసరికి నా పట్టు కుదిరింది. రామానుజులు నివసించిన ఆ క్షేత్రంలో చెలువనారాయణ స్వామి దర్శనం చేసుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నా మనసు గుడి బయట నిలిపిన బండి మీదే ఉంది.

రాత్రికి తుమకూరులో ఆగాను. జావాకు ఉన్నది 6 వోల్టుల విద్యుత్ వ్యవస్థ. హెడ్‌లైటు వేసి నిదానంగా పోతే డైనమో చాలినంత విద్యుత్తునివ్వదు, బ్యాటరీ ఖర్చవుతున్నట్టు ఆమ్మీటరు ముల్లు ఎడమకు వాలుతుంది. వెలుగు కూడా గుంతలున్న దారికి సరిపోదు. ఈ బండితో దూరప్రయాణమంటే పగటి ప్రయాణమేనని ఒప్పుకోవాలి. బండిని నిలిపే ముందు పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు తగలబడి ఇంజను తనంతట ఆగేదాకా నడిపించాను. లేకపోతే పెట్రోలు ఆవిరైపోయి ఆయిలు మాత్రం మిగిలి, పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, అంటే జెట్టు, జిగటపడుతుంది.

మధుగిరి ఏకశిల కొండకోటను చూస్తూ దాటాక, పావగడ దారిలో ఇంజను మిస్ కొట్టడం మొదలుపెట్టింది. నిదానంగా పోతే బాగానే ఉండి, యాక్సిలరేటరు పెంచగానే తడబడుతోంది. చింతచెట్టు నీడలో ఆపి ప్లగ్గు విప్పాను. దాని కొన లేత గోధుమరంగులో ఉంది కనుక మిశ్రమం సరిగానే ఉందని తేలింది; తెల్లబడి ఉంటే పెట్రోలు చాలడం లేదని, నల్లగా తడిసి ఉంటే ఎక్కువైందని అర్థం. ఇక చూడవలసినవి, విడివడినప్పుడల్లా ప్లగ్గులో స్పార్కు పుట్టించే చిన్న లోహపు మొనలు, అంటే పాయింట్లే. కుడివైపు మూత విప్పుతుంటే పొలంలోనుంచి ఒక పెద్దాయన వచ్చి, “ఏమప్పా, బండి నిలిచిపోయెనా?” అని తెలుగులోనే పలకరించాడు. అక్కడ కర్ణాటక సరిహద్దు లోపల కూడా ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. “నిలిచిపోలేదు పెద్దాయనా, నిలవకముందే చూసుకుంటున్నా” అన్నాను. ఆయన నా పక్కనే గొంతుక్కూర్చుని, నేను విప్పిన మరలను ఒక్కటీ మట్టిలో పడనివ్వకుండా తువ్వాలు పరిచి అందుకున్నాడు.

పాయింట్లను తెరిచే క్యాము మీద రాసుకునే ఫైబరు మడమ అరిగి, పాయింట్ల సందు బాగా తగ్గిపోయింది. సందు తగ్గితే స్పార్కు ఆలస్యంగా, బలహీనంగా పడుతుంది. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి పెట్టి దాన్ని 0.4 మిల్లీమీటర్లకు సరిచేసి, పాయింట్ల మొహాలను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి తుడిచాను. మళ్లీ కిక్ కొట్టగానే ఇంజను పాత లయలోనే అందుకుంది. పెద్దాయన మరోసారి ఆపి మళ్లీ స్టార్టు చేయమన్నాడు. రెండోసారి కూడా లేచాకే నన్ను కదలనిచ్చాడు.

పావగడ దాటాక రోడ్డు తిన్నగా సాగింది, కళ్యాణదుర్గం చేరేసరికి ఎండ తగ్గింది, చీకటిపడకముందే అనంతపురంలో ఉన్నాను.

ఇప్పుడు ఈ బండితో కాపురం మొదలైంది. సైలెన్సర్ల లోపలి గొట్టాలు బయటకు లాగి మసి గీకాను. పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పగిలే అవకాశం ఎక్కువ కాబట్టి, ట్యాంకు కింది గొట్టాన్ని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చాను. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, 12 వోల్టుల కిట్టు పెట్టించుకోమని చాలామంది సలహా ఇస్తున్నారు. అది మంచి ఏర్పాటేనని ఒప్పుకుంటాను; రాత్రిపూట తిరగవలసినవారికి అవసరం కూడా. కానీ చింతచెట్టు కింద నేను ఒక గేజితో, ఒక స్క్రూడ్రైవరుతో సరిచేసుకోగలిగినది పాయింట్లున్నందువల్లనే. అందుచేత పాయింట్లనే ఉంచి, కొత్త సెట్టు ఒకటి, కండెన్సరు ఒకటి సీటు కింది పనిముట్ల సంచిలో పెట్టాను. ఇక మిగిలింది క్రాంకు సీళ్ల పని. అందుకు ఇంజను దించి రెండుగా విప్పాలి; ఏ వరసలో విప్పాలో మైసూరు పెద్దాయన ఫోనులో చెబుతుంటే ఇప్పటికే కాగితం మీద రాసుకున్నాను.