నువ్వు, మీరు, మళ్ళీ నువ్వు

"పూర్వ దినములను జ్ఞాపకము చేసికొనుము, తరతరముల సంవత్సరములను తలంచుకొనుము. నీ తండ్రిని అడుగుము, అతడు నీకు తెలుపును. నీ పెద్దలను అడుగుము, వారు నీతో చెప్పుదురు."

ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయం, 7వ వచనం. పొన్నూరులో సండే స్కూల్లో దీన్ని తడుముకోకుండా అప్పజెప్పి పిప్పరమెంటు తెచ్చుకున్నాను. ఇందులో ఒక ముక్క నాకసలు అందనే లేదని యాభై దాటాక తెలిసింది, అదీ అలీబాగ్‌లో ఒక యూదుల ప్రార్థన మందిరంలో.

ఠాణేలో మా పక్క ఫ్లాటు వాళ్ళు బెనె ఇజ్రాయెల్ వాళ్ళు. అంటే ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే యూదులు. ఆ ఇంటి ఆజీకి మోకాళ్ళ నొప్పులు, మనవరాలికి పదిహేడేళ్ళు. వాళ్ళ సమాజం కుర్రకారుని ఒక బస్సులో కొంకణానికి, తాతముత్తాతల ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్తోంది. ఆజీ కోసం ఉంచిన సీటు ఆవిడ కదలలేక ఖాళీ అయింది. "కాకూ, మీరు రండి, లేకపోతే నేనూ పోను" అని ఆ పిల్ల నా మీద పెట్టింది. నన్ను రమ్మనడం వెనక ప్రేమ ఎంతో, తను తప్పించుకునే ఎత్తు ఎంతో ఇప్పటికీ చెప్పలేను. ఆదివారం తెల్లవారుజామునే లేపి సమాధులు చూపిస్తామంటే ఏ పిల్లకి మాత్రం ఉత్సాహం ఉంటుంది! బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. పెణ్ దాటేదాకా అందరూ నిద్రే.

ముందు నవగావ్‌లో ఆగాం. అలీబాగ్‌కి కాస్త ఉత్తరంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. వీళ్ళ పెద్దలు చెప్పుకునే కథ అక్కడే మొదలవుతుంది. ఎప్పుడో ఒక ఓడ ఆ తీరంలో బద్దలైంది. ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు ప్రాణాలతో ఒడ్డుకి చేరారు. కొట్టుకొచ్చిన శవాలని మగవాళ్ళని ఒక దిబ్బ కింద, ఆడవాళ్ళని ఇంకో దిబ్బ కింద పూడ్చారు. గ్రంథాలన్నీ నీళ్ళపాలు. క్రీస్తుకి పూర్వమని వాళ్ళంటారు. చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇప్పుడక్కడ ఒక స్మారక స్తంభం, చుట్టూ కొబ్బరిచెట్లు, పాత సమాధులు ఉన్నాయి. పిల్లలు చెప్పులు విప్పాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పుస్తకం పోయింది, భాష పోయింది. ఒక్క ప్రార్థన మిగిలింది, "ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడు" అన్నది. తరాలపాటు పుట్టుకకీ అదే, పెళ్ళికీ అదే, చావుకీ అదేనట. మనకి వంద కీర్తనలు నోటికొచ్చు, ఏది ఎప్పుడు పాడాలని తగువులాడుకుంటాం.

ఇంకోటి కూడా మిగిలింది. శనివారం పని చెయ్యకపోవడం. వీళ్ళలో చాలామంది గానుగ ఆడించి నూనె తీసి బతికారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వీళ్ళకి పెట్టిన పేరు "శనివార్ తేలీ", అంటే శనివారం గానుగ ఆపే తెలికలవాళ్ళు. యూదులని ఎవరికీ తెలియదు, వాళ్ళకే సరిగ్గా తెలియదేమో. కానీ వారానికోరోజు గానుగ చప్పుడు వినపడదు. ఆ నిశ్శబ్దమే వీళ్ళ గుర్తింపు కార్డు అయింది.

ఇది వింటున్నప్పుడు మా పక్కింటి పిల్ల ఉన్నట్టుండి అడిగింది, "మరి శనివారం ఎద్దు ఏం చేసేది?" అందరూ నవ్వారు. చెప్పేవాళ్ళు లేరు. కానీ అది చిల్లర ప్రశ్న కాదు. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించి చెప్పేచోట ద్వితీయోపదేశకాండం ఎద్దుని పేరుపెట్టి మరీ చెబుతుంది, నీ ఎద్దు కూడా ఆ రోజు పని చెయ్యకూడదని.

నాకు బాగా నచ్చింది మాత్రం చేపల కథ. చాలాకాలానికి దావీద్ రాహబీ అనే యూదుడు ఆ ప్రాంతానికి వచ్చాడట. వీళ్ళ అలవాట్లు చూసి అనుమానం వచ్చింది. పరీక్ష పెట్టాలనుకుని రకరకాల చేపలు కలిపి ఆడవాళ్ళ చేతికిచ్చి వండమన్నాడు. వాళ్ళు రెక్కలూ పొలుసులూ ఉన్నవి ఒక పక్కకి, లేనివి ఇంకో పక్కకి ఏరేసి, ఇవి మేం తినం అన్నారు. లేవీయకాండం చెప్పిన లెక్క సరిగ్గా అదే. మన లెక్కలో చెప్పాలంటే కొర్రమీను పక్కనబెట్టి వాలుగనీ జెల్లనీ రొయ్యనీ తీసి పారేశారన్నమాట. (వాలుగ పులుసు లేకపోతే ఆదివారమే కాదనే మా అన్నయ్యకి ఈ కథ చెబితే గంభీరంగా విని, "పాపం" అన్నాడు.) హీబ్రూ ఒక్క అక్షరం రాని ఆడవాళ్ళు, ఎందుకో చెప్పలేకపోయినా ధర్మశాస్త్రాన్ని కత్తిపీట దగ్గర భద్రంగా ఉంచుకున్నారు. జరిగిందో లేదో నాకనవసరం. వంటింటి సాక్ష్యాన్ని నమ్మి మనుషుల్ని తనవాళ్ళుగా ఒప్పుకున్న పెద్దమనిషి కథ ఇది.

అలీబాగ్‌లో వాళ్ళ పాత వీధిని ఇజ్రాయెల్ ఆళీ అంటారు. అక్కడి ప్రార్థన మందిరం పేరు మాగెన్ ఆవోత్, అంటే పితరుల డాలు. ప్రార్థన నడిపించే హజాన్ మా అందరి చేతుల్లో ఒక కాగితం పెట్టాడు. ఒక పక్క హీబ్రూ, ఇంకో పక్క మరాఠీ. చూస్తే నా పిప్పరమెంటు వాక్యమే! మోషే చనిపోబోయే ముందు పాడిన పాటలోది. ధర్మశాస్త్రపు చుట్టలో ఈ పాటని మిగతా భాగంలా రాయరట, రెండు నిలువు వరుసలుగా విడదీసి రాస్తారట.

"మొదటి క్రియ చూడండి," అన్నాడాయన. "జెఖోర్. గుర్తు చేసుకో. ఏకవచనం, ఒక్క మనిషితో అంటున్నాడు. రెండోది బీను. ఆలోచించండి, గ్రహించండి. బహువచనం. మూడోది షెఆల్, అడుగు. మళ్ళీ ఒక్కడితోనే."

తెలుగు బైబిల్లో అన్నీ "చేసికొనుము, తలంచుకొనుము, అడుగుము" అని ఒకే వరసలో పోతాయి. నువ్వు, మీరు అని ఇంత చక్కగా విడివిడిగా ఉన్న భాష మనది, అయినా ఈ మడత ఎక్కడో పోయింది. ఇన్నేళ్ళూ అప్పజెప్పింది నేను, అర్థం చేసుకున్నాననుకున్నదీ నేనే, అంతా నా ఒక్కదాని వ్యవహారమే అనుకున్నాను.

అక్కడ కూర్చుని ఆ మాటలని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. జ్ఞాపకం ఒంటరిది. నా చిన్నప్పటి గంట మోత నా చెవిలోదే, ఎవరికీ ఇవ్వలేను. కానీ తరతరాల సంవత్సరాలు ఒక్క మనిషి బుర్రలో పట్టవు. ఒకరికి దిబ్బల కథ తెలుసు, ఒకరికి చేపల కథ, ఒకరికి ఏమీ తెలియక ఎద్దు గురించి అడగడం తెలుసు. అందరూ ఒక బస్సులో కుదుపులు తింటూ కలబోసుకుంటేనే "బీను". అయినా అడగాల్సింది మాత్రం మళ్ళీ ఎవరికి వాళ్ళే. గుంపు తరఫున ఎవరో అడుగుతారులే అనుకోవడానికి వీల్లేదు, "నీ తండ్రిని" అన్నాడు కదా.

ఇది రాస్తుంటే సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి ఉంది. మా పొన్నూరులో గుంటూరు బస్సెక్కితే దారిలో చేబ్రోలు తగులుతుంది, బ్రహ్మ గుడి ఉన్న ఊరు. ఆ దగ్గర్లోనే కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది. ఎఫ్రాయిము గోత్రం మాది అంటారు వాళ్ళు, శనివారం విశ్రాంతి పాటిస్తారు. ఆ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారీ దిగి అడగలేదు.

సాయంత్రం అలీబాగ్ దగ్గరి ఖండాళాకి వెళ్ళాం. ఘాట్ మీద విహారానికి పోయే ఖండాళా కాదు, ఇది చిన్న పల్లె. అక్కడి బండ మీద ప్రవక్త ఏలీయా రథం గుర్తులున్నాయని బెనె ఇజ్రాయెల్ నమ్మకం. ఆయన కొంకణానికి వచ్చి, అక్కణ్ణించే ఆకాశానికి ఎగసిపోయాడంటారు. యూదుల పంచాంగంలో షెవాత్ నెల పదిహేనో రోజు వాళ్ళకి చెట్ల పండగ; పదిహేను అంటే పున్నమే. మన పుష్యమో మాఘమో అవుతుంది. ఆ రోజుల్లో అక్కడికి వచ్చి మలీదా చేస్తారు. నానిన అటుకుల్లో కొబ్బరి కోరు, పంచదార, యాలకులు, జీడిపప్పు కలిపి పళ్ళెంలో పోసి చుట్టూ పళ్ళు పేరుస్తారు. ప్రపంచంలో ఇంకే యూదులూ చెయ్యని పూజ ఇది. అటుకులు కనపడగానే కుచేలుడు గుర్తురాకుండా ఉంటాడా!

ఒక కుర్రాడు బండని వంగి చూసి, "మామూలు రాయే కదా ఇది" అన్నాడు గట్టిగా. హజాన్‌కి కోపం రాలేదు. "నీ వయసులో నేనూ ఇదే అన్నాను. మా నాన్న మాట్లాడకుండా కొబ్బరికాయ కోరమని చేతికిచ్చాడు" అని, వాడి చేతికీ ఒక చిప్ప ఇచ్చాడు. వాడు కోరుతూ కూర్చున్నాడు.

దీవెనలు విడివిడిగా చెప్పారు. చెట్టు పండుకి ఒకటి, నేల పంటకి ఒకటి, సువాసనకి ఒకటి. అరటిపండుకి నేల పంట దీవెనే, ఎందుకంటే అరటి గెల వేశాక ఆ బోదె చచ్చిపోయి పిలక లేస్తుంది, అది నిజమైన చెట్టు కాదు. ఆ మాట ఏ అరటి రైతునడిగినా చెబుతాడు.

ఏలీయా అంటే నాకు అగ్ని రథం కంటే ముందు హోరేబు గుహ గుర్తొస్తుంది. 1 రాజులు 19లో ఆయన అలసిపోయి, నేనొక్కణ్ణే మిగిలాను, నన్నూ చంపాలని చూస్తున్నారు అంటాడు. దేవుడు వాదించడు, ఓదార్చడు. పని చెప్పి పంపిస్తూ, చివర్లో మాత్రం లెక్క చెబుతాడు, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని. 1948 తర్వాత వీళ్ళలో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. దేశంలో మిగిలింది కొన్ని వేలమందే. క్లాసులో తను తప్ప యూదులెవరూ లేరని మా పిల్ల ఎన్నోసార్లు చెప్పింది. ఆ పిల్లే ఇప్పుడు ముప్పైమంది మధ్య, రానిచోట గొణుగుతూ, వచ్చినచోట గొంతెత్తి, "ఎలియాహు హనవీ", అంటే ప్రవక్త ఏలీయా పాట, పాడుతోంది.

తిరిగొచ్చేసరికి రాత్రి పదయింది. ఆజీ మేలుకునే ఉంది. టిఫిన్ డబ్బాలో తెచ్చిన మలీదా నోట్లో వేసుకుని, "యాలకులు తక్కువయ్యాయి" అంది. పిల్ల చెప్పులు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుంది.

"ఆజీ, శనివారం ఎద్దు ఏం చేసేది?"

ఆజీ నమలడం ఆపింది. "గానుగ నేనెక్కడ చూశాను? మా నాన్న చెప్పేవాడు. శుక్రవారం పొద్దుగూకగానే వాళ్ళ తాత ఎద్దు కళ్ళగంతలు విప్పేసేవాడట. మర్నాడంతా అది చింతచెట్టు కింద పడుకుని దారినపోయేవాళ్ళని చూస్తూ ఉండేదట. మిగతా ఆరు రోజులూ దానికి కనపడవు కదా మరి."

"దాని పేరేంటి?"

"ఎవరూ ఇంతవరకూ అడగలేదే" అని ఆజీ డబ్బా ముందుకి చాపింది. "ఇంకాస్త పెట్టు. ఉండు, గుర్తు తెచ్చుకోనీ."