వింబుల్డన్ క్యూలో నిలబడి టికెట్ తెచ్చుకున్నాం

లండన్‌లో జరిగే వింబుల్డన్ టెన్నిస్ చూడాలంటే లక్షలు పోయక్కర్లేదు. తెల్లవారకముందే వెళ్లి లైన్లో నిలబడే ఓపిక ఉంటే చాలు. 2024లో నేనూ మా తమ్ముడూ అలాగే చూసొచ్చాం.

మొదట అందరిలాగే బ్యాలట్‌కి పేరిచ్చాను. అదో లాటరీ. టోర్నమెంటుకు చాలా నెలల ముందే వింబుల్డన్ సైట్‌లో ఖాతా తెరిచి అప్లై చేయాలి. తగిలినా ఏ రోజు, ఏ కోర్టు అన్నది వాళ్లే చెబుతారు. నాకు తగల్లేదు. బయటి సైట్లలో అమ్మే టికెట్ల జోలికి మాత్రం పోకండి. డిబెంచర్ టికెట్లు (ముందే పెద్ద మొత్తం కట్టి సీటు కొనుక్కున్నవాళ్లవి) తప్ప మిగతావి ఒకరి నుంచి ఒకరికి మారవు, గేటు దగ్గర ఆపేస్తారు.

ఇక మిగిలింది క్యూ. ట్యూబ్ (లండన్ మెట్రో) డిస్ట్రిక్ట్ లైన్‌లో సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగి జనం వెంట నడిస్తే వింబుల్డన్ పార్క్ వస్తుంది. గడ్డి మైదానంలో మంచుకి తడిసిన బూట్లతో వరసలో చేరగానే క్యూ చూసుకునే స్టీవార్డ్ ఒకతను మా చేతికి చెరో క్యూ కార్డు ఇచ్చాడు. దాని మీద తేదీ, మా నంబరు ఉన్నాయి. మనిషికొకటే, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. అదే మన స్థానానికి రుజువు. టీకో, బాత్రూమ్‌కో వెళ్లొచ్చు గానీ అరగంటలోపు తిరిగి రావాలి.

మా నంబరు చూసి తమ్ముడు అడిగాడు, "అన్నా, అన్నిటికన్నా పెద్దదైన సెంటర్ కోర్టుకి టికెట్ వస్తుందంటావా?"

"రాదురా, మన ముందు రెండు వేల మందికి పైనే ఉన్నారు."

లెక్క సులువే. సెంటర్ కోర్టు, నంబర్ 1, నంబర్ 2 కోర్టులకు రోజుకు సుమారు 500 చొప్పున టికెట్లు క్యూలో వాళ్లకి కేటాయిస్తారు (చివరి నాలుగు రోజులు సెంటర్ కోర్టుకి ఉండవు). అంటే మొదటి పదిహేను వందల్లో ఉంటేనే పెద్ద కోర్టుల ఆశ. వాళ్లలో చాలామంది ముందు రోజే వచ్చి టెంట్లు వేసుకున్నవాళ్లు. పొద్దున్నే పెద్ద కోర్టు టికెట్‌కి గుర్తుగా వాళ్ల చేతికి రిస్ట్‌బ్యాండ్లు కట్టేశారు. మిగతావాళ్లకి చిన్న కోర్టుల్లో ఆట చూసే గ్రౌండ్ పాస్. ఆ ఏడాది 30 పౌండ్లు, బ్యాంకు కార్డుతోనే కట్టాల్సి వచ్చింది.

ఎదురుచూపు పెద్దదే కానీ విసుగు రాలేదు. తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, అందుకే డబ్బాలో పులిహోర కట్టుకెళ్లాం. పక్కన కూర్చున్న ఇంగ్లిష్ దంపతులకీ పెట్టాం. ఒక్కరు కూడా మధ్యలో దూరే ప్రయత్నం చేయలేదు. ఇంత పెద్ద టోర్నీ, ఓపికగా వచ్చినవాడికి అదే రోజు చోటివ్వడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది.

గేట్లు పదింటికి తెరుస్తారు, చిన్న కోర్టుల్లో ఆట పదకొండింటికి మొదలు. గ్రౌండ్ పాస్‌ని తక్కువగా చూడకండి. చిన్న కోర్టుల్లో ముందు వచ్చినవాళ్లదే సీటు. రెండో వరసలో కూర్చుంటే సర్వీస్ చేసేటప్పుడు ఆటగాడు వదిలే ఊపిరి కూడా వినిపిస్తుంది.

అసలు కిటుకు రీసేల్. పెద్ద కోర్టుల నుంచి ముందే వెళ్లిపోయేవాళ్లు వదిలేసిన టికెట్లను మధ్యాహ్నం నుంచి మళ్లీ అమ్ముతారు. దీనికి వింబుల్డన్ యాప్‌లోనే క్యూ. ఆ ఏడాది సెంటర్ కోర్టుకి 15 పౌండ్లు, ఆ డబ్బు ఛారిటీకి వెళుతుంది. ఫోన్‌లో ఛార్జింగ్ ఉంచుకోండి, మీ వంతు కబురు అందులోనే వస్తుంది. మాకు సాయంత్రం వచ్చింది, ఇద్దరం పరుగే పరుగు.

2015 డబుల్స్ ఫైనల్లో మన హైదరాబాద్ సానియా మీర్జా, స్విస్ క్రీడాకారిణి హింగిస్‌తో కలిసి మూడో సెట్‌లో 2-5తో వెనకబడి కూడా గెలిచింది ఆ సెంటర్ కోర్టులోనే. అక్కడ కూర్చున్నంతసేపూ ఆ మ్యాచ్ గురించే మాట్లాడుకున్నాం. ఈసారి ముందు రోజే వెళ్లి టెంట్ వేద్దామని తమ్ముడి పట్టు. ఇద్దరు పట్టే టెంట్ వరకే ఒప్పుకుంటారు, మాకు అది సరిపోతుంది.