'ఉయ్యాలో' అనడానికి జాగా

2023 బతుకమ్మకు అమ్మతో ఒక పాట చేయించి 42 వేలు పోగొట్టుకున్నాను. ఆ లెక్క ముందే చెప్పేస్తాను, దాచుకునేదేమీ లేదు. ట్రాకుకూ మిక్సింగుకూ హన్మకొండలో 18 వేలు. ఆరుగురు డ్యాన్సర్లు, వాళ్ల మేకప్, చీరల అద్దె కలిపి 14 వేలు. షూటింగ్ రామప్ప చెరువు కట్ట మీద పెట్టుకున్నాం కాబట్టి బండికి, పూలకు, భోజనాలకు 6 వేలు. మిగతా 4 వేలు ప్రమోషన్ చేస్తామన్న ఒక ఇన్‌స్టా పేజీకి. కెమెరా, డ్రోన్ నావే. పరకాలలో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, శారీ ఫంక్షన్లు, ధోతీ ఫంక్షన్లు, ఒక్కోసారి దశదినకర్మలు కూడా తీస్తాను.

ఆ పేజీ వాళ్లు మా పాటను ఒక్కరోజు స్టోరీలో పెట్టి వదిలేశారు. ఆ రోజు కొత్తగా వచ్చిన ఫాలోవర్లలో సగం మందికి ఫొటో లేదు, పేరుండాల్సిన చోట అంకెలున్నాయి. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి యూట్యూబులో 11 వేల వ్యూస్ వచ్చాయి. పాట నాలుగున్నర నిమిషాలు, జనం సగటున చూసింది 38 సెకన్లు. అంటే అమ్మ గొంతు సరిగ్గా మొదలయ్యేలోపే వెళ్లిపోయారు. మొదట్లో అంతా నా డ్రోన్ షాట్లే మరి, చెరువు మీద పొగమంచు.

తప్పు మొదట్లోనే ఉందనుకున్నాను. తెలుగులో పాటల ప్రమోషన్ గురించి చెప్పే వీడియోలు అప్పటికి ఓ ఇరవై చూసి ఉంటాను. అందరిదీ ఒకే మాట: మొదటి మూడు సెకన్లలో పట్టేయాలి, పాట చిన్నగా ఉండాలి, ఒకే మాట మళ్లీ మళ్లీ రాకూడదు. సరేనని ఇంకో కట్ చేశాను. 'ఉయ్యాలో' అన్న కోరస్‌లన్నీ తీసేసి, స్పీడు పెంచి, కింద డీజే బీట్ వేస్తే నిమిషం యాభై సెకన్లకు వచ్చింది. అప్‌లోడ్ చేసే ముందు అమ్మకు వినిపించాను.

అమ్మ వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్నది.

"గిదేం పాటరా, ఊపిరి తీసుకోనియ్యదా?"

గ్రాఫ్ చూపించాను. జనం ఎక్కడెక్కడ పోతున్నారో చూడమ్మా అన్నాను. ఆమె ఫోన్ వంక కూడా చూడలేదు.

"ఉయ్యాలో ఏమాయె కొడుకా? నేనొక్కదాన్నే పాడుకుంట పోతే మిగతావాళ్లేం జెయ్యాలె, నా మొహం చూసుకుంట నిలబడాల్నా?"

ముప్పై ఎనిమిదేళ్లుగా బతుకమ్మ చూస్తున్నవాణ్ని. చూస్తున్నానంతే, ఆడింది లేదు కదా. అందుకే ఆ మాట నాకు కొత్తగా తగిలింది. ఒకరు పాట పాదం అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు 'ఉయ్యాలో' అంటారు. కొన్ని పాటలకు 'కోల్' అంటారు, కొన్నింటికి 'వలలో', కొన్నింటికి 'చందమామ'. చెప్పే మనిషికి ఆ కాస్త సేపటిలో ఊపిరి అందుతుంది, తర్వాతి మాట గుర్తొస్తుంది. వంగి చప్పట్లు కొట్టి అడుగు జరపడానికి టైమూ అదే. అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి పాట రాకపోయినా మొదటి నిమిషంలోనే పాటలో కలిసిపోవచ్చు. ఆమె అనాల్సింది ఒక్క మాటే. నాలుగు రోజులు ఆడితే పాటంతా నోటికి వస్తుంది. నేను బోర్ అని కత్తిరించింది ఆ జాగానే.

నా వ్యాపారంలో ఈ సంగతి నాకు బాగా తెలుసు. పెళ్లి వీడియో చూసేవాళ్లు నా కెమెరా పనితనం చూడరు. తాము ఎక్కడున్నామో వెతుక్కుంటారు. మేనత్త రాకపోతే, బావమరిది భోజనాల బంతిలో కనపడకపోతే నాకు ఫోన్ వస్తుంది. అమ్మ పాట చేసేటప్పుడు మాత్రం అది మరిచిపోయి చూసేవాళ్లకు జాగా లేకుండా చేశాను.

2024లో పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ, అక్టోబరు 2న. సెప్టెంబరు మొదటివారంలోనే మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి డ్యాన్సర్లు లేరు, కీబోర్డు లేదు. అమ్మ, ఇద్దరు చిన్నమ్మలు, వాడకట్టు ఆడవాళ్లు ఏడుగురు. ముందు హాల్లో చాప మీద కూర్చోబెట్టి రికార్డు చేశాను. పది మందిలో ఒక్కరికీ లయ కుదరలేదు. "కూసుండి పాడితే అది బతుకమ్మ పాట కాదు బిడ్డా, భజన" అన్నది పెద్ద చిన్నమ్మ. పూలు తెచ్చి చిన్న బతుకమ్మ పేర్చారు. తంగేడు దొరకలేదు, గునుగు, బంతి, కట్లపూలతోనే సరిపెట్టారు. వాకిట్లో పెట్టి చుట్టూ తిరిగితే, అప్పుడు పాట వచ్చింది.

తిరిగితే నాకు ఇంకో తిప్పలు. మధ్యలో వెదురు కట్టెకు మైకు వేలాడదీస్తే అమ్మ గొంతు దగ్గరికొచ్చి దూరం పోతుంది. పెళ్లిళ్లలో పంతులుగారికి పెట్టే కాలర్ మైకు అమ్మ కొంగుకు పెట్టాను. అందులో పాట కంటే గాజులు ఎక్కువ వినిపించాయి. గాజులు తీయమ్మా అనబోయి ఆమె చూపు చూసి ఊరుకున్నాను. చివరికి మైకు భుజం వెనక్కి జరిపి, మధ్యలో వేలాడే మైకుతో కలిపాను. బీటు చప్పట్లే. గాజుల చప్పుడు కొంచెం అలాగే ఉంచాను. ఇప్పుడు వింటే అదే బాగుందనిపిస్తుంది, అప్పుడు మాత్రం టెన్షన్‌తో చచ్చాను.

పాట ఎక్కడా కోయలేదు. పాటలోని కథ మొత్తం వచ్చింది, 27 నిమిషాలు. పాట మాటలన్నీ తెర మీద వేశాను, పెద్ద అక్షరాలతో: అమ్మ చెప్పేది తెలుపు, అందరూ అనేది పసుపు. ఫోన్‌ను స్టూలు మీద నిలబెట్టి నాలుగు అడుగుల దూరం నుంచి నేనే చదివి చూసుకున్నాను. చదివేవాళ్లు కళ్లజోడు పెట్టుకోకుండా తిరుగుతుంటారు కదా.

రీల్స్, షార్ట్స్ కూడా చేశాను, వాటిని తక్కువ చేసి మాట్లాడను. నలభై సెకన్లవి నాలుగు. పాట మొదలు కాకుండా, పుట్టింటికి రావడం గురించిన పాదాలు ఏరుకున్నాను. షార్ట్ కింద పూర్తి పాట లింకు పెట్టుకునే వీలుంది, అది పెట్టడం మరవద్దు. ఇన్‌స్టాలో మన సొంత రికార్డింగ్ 'ఒరిజినల్ ఆడియో' అని వస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే వేరేవాళ్లు వాడుకోవాలని వెతికినా దొరకదు, పాట పేరు పెట్టుకోవాలి. నేను మొదటి రెండింటికి పెట్టలేదు. ఆ రెండింటినే ఎక్కువ మంది వాడుకున్నారు, నా ఖర్మ.

నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఇంకొకటి. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4 వేల గంటలు జనం చూసి ఉండాలి. లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైము ఆ 4 వేల గంటల్లోకి రాదు. మా షార్ట్ ఒకటి 3 లక్షలు దాటితే ఇంట్లో స్వీట్లు పంచాను. దాని నుంచి వచ్చిన సబ్‌స్క్రైబర్లు రెండు వందలు, గంటలు సున్నా. గంటలన్నీ 27 నిమిషాల పాట నుంచే వచ్చాయి, అందరూ పెట్టొద్దని చెప్పిన దాని నుంచే.

ఆ పాట గ్రాఫ్ చూస్తే మొదట నాకేం అర్థం కాలేదు. మొదటి నిమిషంలో సగం మంది పోయారు, మామూలే. మిగిలినవాళ్లు మాత్రం పోవడం లేదు. పైగా మధ్యలో అక్కడక్కడా గీత పైకి లేస్తుంది. ఆ చోట్లు పెట్టి వింటే అన్నీ నోరు తిరగని పాదాలు. వెనక్కి జరిపి మళ్లీ వింటున్నారు. నేర్చుకుంటున్నారు! చూస్తున్నది టీవీలలో ఎక్కువ, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య. బయటి నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువ భాగం వాట్సాప్ నుంచి. ఏ గ్రూపుల్లో తిరుగుతుందో మాత్రం యూట్యూబ్ చెప్పదు.

అది కామెంట్ల వల్ల తెలిసింది. "మాది భీవండి", "మేము సూరత్‌లో ఉంటం", "సోలాపూర్ నుంచి అమ్మకు దండాలు". మన వరంగల్, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి ఆ ఊళ్లకు పోయినవాళ్లు తరాలుగా ఉన్నారు. మా అమ్మ మేనమామ కూడా భీవండి పోయి అక్కడే పోయినవాడు. అక్కడ పుట్టిన ఆడపిల్లలకు తెలుగు మాట్లాడటం వస్తుంది, పాట రాదు. చెప్పే పెద్దమనిషి ఒక్కరు లేకపోతే వలయం తిరగదు. ఒకామె వీడియో పంపింది. నాలుగంతస్తుల బిల్డింగ్ కింద పార్కింగ్, ప్లాస్టిక్ కుర్చీలో టీవీ, టీవీలో మా వాకిలి, కుర్చీ ముందు బతుకమ్మ, చుట్టూ ముప్పై మంది. మా అమ్మ పాదం చెప్తుంటే వాళ్లు 'ఉయ్యాలో' అంటున్నారు. అమ్మ ఆ వీడియో ఏడెనిమిది సార్లు చూసింది. "ఆ నీలం చీరామె అడుగు తప్పుతున్నది" అన్నది చివరికి.

కొత్త శ్రోతలు అంటే నేను హైదరాబాద్ ఐటీ పిల్లలు, ఇంకా ఎవరో తెల్లవాళ్లు అనుకుంటూ వచ్చాను. తెల్లవాళ్లు ఒక్కరూ రాలేదు.

ఇక కడుపుమంట సంగతి. మూడో రోజు, ముద్దపప్పు బతుకమ్మ నాడు పొద్దున మా పాట మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఒక కంపెనీ వాళ్ల రికార్డింగ్‌తో మా ట్యూన్ కలిసిందట. పేరు చెప్పను. ట్యూన్ ఎవరిది? మా అమ్మమ్మకు వాళ్ల అమ్మమ్మ నేర్పింది. తరతరాల పాట ట్యూను మీద ఎవరికీ హక్కుండదు, ఎవరి రికార్డింగ్ మీద హక్కు వాళ్లది. పాటలు పోల్చి చూసే యూట్యూబ్ మెషీన్‌కు ఆ తేడా తెలియదు, ట్యూన్ కలిస్తే పట్టేస్తుంది. అభ్యంతరం పెట్టాను, మా రికార్డింగ్ అనీ సంప్రదాయ గీతమనీ రాశాను. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు గడువు. పండుగేమో తొమ్మిది రోజులు! వాళ్లు జవాబే ఇవ్వలేదు, గడువు తీరాక క్లెయిమ్ దానంతట అదే పోయింది. అప్పటికి తోటలో తంగేడు కూడా వాడిపోయింది.

మొత్తం మీద పండుగ అయ్యేసరికి 63 వేల వ్యూస్, సగటున తొమ్మిది నిమిషాలు. గంటలు 9 వేలు దాటాయి. సబ్‌స్క్రైబర్లు 340 నుంచి 2,900 అయ్యారు. అప్పుడు దరఖాస్తు పెట్టుకుంటే పండుగ ముగిశాక ప్రకటనలు మొదలయ్యాయి. నవంబరులో బతుకమ్మ పాట ఎవరు చూస్తారు? వంద డాలర్లు జమ అయితేగానీ యూట్యూబ్ డబ్బు పంపదు. మాకు ఇంకా పంపలేదు.

ఈసారి వానాకాలం నాట్ల పాటలు రికార్డు చేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. బతుకమ్మనైతే వాకిట్లోకి తెచ్చావు, బురదను తెస్తావా అన్నది. సరే పొలానికే పోదామంటే మా మడుల్లో ఇప్పుడు నాట్లేసేది బీహార్ నుంచి వచ్చిన గుంపులు. మా వాడకట్టు ఆడవాళ్లు నాట్లకు పోయి నాలుగేళ్లయింది. అయినా మైకులు పట్టుకుని వెళ్లాం. పన్నెండు మంది మగవాళ్లు వరుసగా వంగి నాటేస్తున్నారు. ఒకతను ఏదో పాడుతున్నాడు, మిగతావాళ్లు అందుకుంటున్నారు. భాష నాకు తెలియదు.

అమ్మ గట్టు మీద చెప్పులు విడిచి నిలబడి చాలాసేపు విన్నది.

"వీళ్లు గూడ జాగా ఇడుస్తున్నరు చూడు" అన్నది.

వాళ్ల మేస్త్రీని అడిగి రికార్డు చేశాను. పని అయ్యాక అతను ఫోన్ తీసి, ఊళ్లో ఇంటివాళ్లకు పంపాలి, ఇవ్వమన్నాడు. అక్కడ సిగ్నల్ ఒక్క గీతే. వీడియో ఎక్కుతూ ఆగుతూ ఉంటే ఇద్దరం ఫోన్లు పైకెత్తి పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచాం.