అడుగులు వేయనివారి వ్యాయామాన్ని ఏ లెక్కన కొలవాలి?

ఫిట్‌నెస్ యాప్‌లు తయారుచేసేవారి దగ్గర వికలాంగుల ప్రస్తావన తెస్తే, చర్చ అక్షరాల పరిమాణంతో మొదలై రంగుల ఎంపికతో ముగిసిపోతుంది. అవి అవసరమే, అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 వెలుగు వ్యత్యాసం (కాంట్రాస్ట్) ఉండాలన్న డబ్ల్యూసీఏజీ (వెబ్‌ను వికలాంగులకూ అందుబాటులో ఉంచే అంతర్జాతీయ మార్గదర్శకాలు) ప్రమాణాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. అయితే తెర ఎంత స్పష్టంగా ఉన్నా, దాని మీద కనిపించే అంకె ఒకే రకమైన శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టినదైతే ప్రయోజనం తక్కువే.

రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యం 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కించే పరికరం) ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అప్పటినుంచి వ్యాయామమంటే అడుగులే అన్నట్టుగా పరికరాలు తయారవుతూ వచ్చాయి. చేతి ఊపును బట్టి అడుగును గుర్తించే బ్యాండ్, వాకర్ పట్టుకుని నడిచే వ్యక్తి మణికట్టు ఊగదు కనుక, ఆయన పడిన శ్రమలో చాలా భాగాన్ని నమోదే చేయదు.

2016లో ఆపిల్ సంస్థ తన వాచ్‌లో, వీల్‌చైర్ వాడేవారి కోసం అడుగులకు బదులు చక్రాలను చేతులతో ఎన్నిసార్లు తోశారో లెక్కించే సదుపాయం తెచ్చింది. ఇది నిజంగా మెచ్చుకోదగిన మార్పు. కానీ అడుగుల విషయంలో చెల్లే ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్న సూత్రం ఇక్కడ చెల్లదు. చక్రాలను పదేపదే తోయడం వల్ల భుజాలు అరిగి నొప్పి పుట్టడం వీల్‌చైర్ వాడేవారిలో చాలా సాధారణం. అందుకే నిపుణులు తక్కువసార్లు, నిదానంగా, చేతిని బాగా సాచి తోయమని సూచిస్తారు. కాబట్టి అదే దూరాన్ని నిన్నటికన్నా తక్కువసార్లు తోసి చేరుకుంటే దానిని ప్రగతిగా చూపే యాప్ కావాలి. చాలా యాప్‌లు దానిని బద్ధకంగా చూపుతాయి.

గుండె వేగం సంగతీ అంతే. 220 నుంచి వయసును తీసివేసి గరిష్ఠ వేగాన్ని అంచనా వేసే సూత్రం, మెడ భాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి వర్తించదు. గుండెను వేగవంతం చేసే నాడీ సంకేతాలు దెబ్బ తగిలిన చోటే ఆగిపోవడం వల్ల, ఎంత కష్టపడినా వారిలో చాలామందికి అది నిమిషానికి 130 దాటదు. అటువంటివారిని ‘ఇంకా వేగంగా’ అని తొందరపెట్టడం అర్థంలేనిదే కాక, చెమట సరిగా పట్టక శరీరం వేడెక్కిపోయే అవకాశం ఉన్నందున ప్రమాదకరం కూడా. శ్రమ ఎంతగా అనిపిస్తోందో 6 నుంచి 20 వరకు అంకెల్లో మనిషే చెప్పే బోర్గ్ కొలమానం ఇక్కడ సెన్సార్ కంటే నమ్మదగినది.

జిమ్ పరికరాల తీరు మరొకటి. మీటలన్నీ తీసేసి నున్నటి టచ్‌స్క్రీన్ పెట్టిన ట్రెడ్‌మిల్, మాట్లాడే సదుపాయం లేకపోతే చూపులేనివారికి పనికిరాదు. కనీసం ఆపే మీటైనా చేతికి తగిలేలా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వైకల్యంతో జీవించే పెద్దలకూ వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామాన్ని, ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారు చేయాలంటూ సూచించింది. ఆ సామర్థ్యం మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి నరాల జబ్బుల్లో రోజుకొక తీరుగా ఉంటుంది. అందువల్ల యాప్ తెరవగానే వైకల్యం పేరు అడగడం కన్నా, ఈరోజు ఏ కదలిక సులభం, ఏది నొప్పి పుట్టిస్తోంది, ఎంతసేపు ఓపిక ఉంది అని అడిగి, లక్ష్యాన్ని ఆ జవాబులకు తగినట్టు మార్చుకోనివ్వాలి. విశ్రాంతి తీసుకున్న రోజును, వరుసగా వ్యాయామం చేసిన రోజుల లెక్క (స్ట్రీక్) తెగిన రోజుగా చూపకూడదు.