క్రిస్మస్ సెలవులకు అనాస, ఆపిల్ క్రిస్ప్

క్రిస్మస్ వారంలో ఒడిశాలోని మా కొరాపుట్ వైపు ఇళ్ళలో ప్లమ్ కేకుదే పెత్తనం. 1880లలోనే జర్మన్ లూథరన్ మిషనరీలు అడుగుపెట్టిన ప్రాంతం కావడంతో, జయపురం, సునాబేడలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇరుగుపొరుగుల నుంచి కేకు ముక్కలు వస్తూనే ఉంటాయి. సెలవులకు వచ్చిన చుట్టాలకు మళ్ళీ ఆ కేకే పెట్టడం నాకు రుచించదు. ఈ చలిలో వేడిగా వడ్డించే ఫ్రూట్ క్రిస్ప్‌కు సాటి వచ్చే తీపి లేదని నా అభిప్రాయం.

అడుగున పండ్ల ముక్కలు, పైన వెన్న పట్టించిన ఓట్స్ పొర, ఇంతే ఈ వంటకం. 1920లలో అమెరికా వంట పుస్తకాలలోకి ఎక్కింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వెన్న, చక్కెర రేషన్‌పై దొరికినప్పుడు బ్రిటన్‌లో బాగా వాడుకలోకి వచ్చిన క్రంబుల్ దీనికి దగ్గరి చుట్టం. పాశ్చాత్యులు ఆపిల్ ఒక్కటే వేసినా సరిపెట్టుకుంటారు గాని, కోల్డ్ స్టోరేజీ నుంచి మన సంతలకు చేరే ఎర్ర ఆపిల్‌లో పులుపు తక్కువ. ఆ లోటును మన కొండల అనాస తీరుస్తుంది.

అయితే అనాసతో వచ్చే చిక్కంతా నీటిదే. పావు కిలో అనాస ముక్కలను అడుగు మందంగా ఉన్న మూకుడులో యాభై గ్రాముల చక్కెర, చెంచాడు అల్లం తురుముతో ఉడికించి, రసం సగానికి పైగా ఇగిరాకనే దించాలి. ఇలా ఉడికించడంలో మరో లాభం ఉంది. పాలను విరిచి చేదెక్కించే బ్రోమెలైన్ అనే ఎంజైము వేడికి నశిస్తుంది కనుక, తరువాత పాలతో వడ్డించినా బెంగ ఉండదు. అర కిలో ఆపిల్‌ను వేలెడు మందాన కోయాలి, పలుచగా కోస్తే గుజ్జయిపోతుంది. రెండు పండ్లనూ నిమ్మరసం, పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్‌తో కలిపి బేకింగ్ గిన్నెలో పరవాలి.

పై పొరకు ఎనభై గ్రాముల ఓట్స్, అరవై గ్రాముల మైదా, నలభై గ్రాముల చోడిపిండి (రాగి పిండి), తొంభై గ్రాముల బెల్లం పొడి, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు కావాలి. చోడిపిండిలో జిగురునిచ్చే గ్లూటెన్ ఉండదు కనుక అదొక్కటే వేస్తే పొర ఇసుకలా రాలుతుంది, మైదా తోడు తప్పదు. చల్లని వెన్న వంద గ్రాములు ముక్కలు చేసి వేళ్ళ కొసలతో నలపాలి. కొన్ని ఉండలు శనగగింజంత మిగిలినప్పుడే ఆపితే అవి కరకరలాడతాయి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండే సునాబేడలో డిసెంబరు చలికి వెన్న చేతిలో కరగకపోవడం మన అదృష్టం. మైదాన ప్రాంతంలో చేసేవారు పిండిని కాసేపు ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి.

ముందే వేడి చేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద నలభై నుంచి నలభై అయిదు నిమిషాలు పడుతుంది. ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో (ఓటీజీలలో) పై రాడ్డు దగ్గరగా ఉండి బెల్లం తొందరగా మాడుతుంది కాబట్టి గిన్నెను కింది అరలో పెట్టడం మంచిది. రంగు చూసి మోసపోకూడదు. గిన్నె అంచుల వెంట రసం పొంగి, చిక్కటి బుడగలు మెల్లగా లేచి పగులుతుంటేనే కార్న్‌ఫ్లోర్ ఉడికినట్టు లెక్క. తీసిన వెంటనే వడ్డిస్తే పలుచగా జారుతుంది, ఇరవై నిమిషాలు ఆగితే గట్టిపడుతుంది. పిల్లలను అంతసేపు ఆపడమే అసలు శ్రమ.

పైన ఐస్‌క్రీమ్ వేసుకునే పద్ధతి ఉన్నా, సగానికి మరిగించిన గేదె పాలు నాలుగు చెంచాలు పోస్తే బెల్లం రుచి బాగా తెలుస్తుంది. మర్నాటికి మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకుండా ఓవెన్‌లోనే పది నిమిషాలు కాచాలి, లేకపోతే పై పొర మెత్తబడిపోతుంది.